సింగపురమున నీటి ముచ్చట

విహారయాత్ర యనగానే మన పడమటి ప్రకాశము వారికి త్రిపురాంతకమో, శ్రీశైలమో తోచును. ఈ మారు మార్కాపురము, గిద్దలూరుల నుండి కూడిన మేము అయిదుగురము ఆడువారము సింగపురము చూచి వచ్చితిమి. మాలో పెద్దావిడను అందరమును 'అత్తా' అనియే పిలుతుము. ఏ యూరికి పోయినను ఆమె మొదట విచారించునది నీటి సంగతి.

విమానాశ్రయము చెంత 2019లో తెరచిన 'జ్యువెల్' అను గాజుమేడ గలదు. దాని కప్పు నడుమ నుండి 40 మీటర్ల జలధార దిగుచుండును. మేము నోరు తెరచి చూచుచుండగా అత్త, "ఏందే ఇది! ఇన్ని నీళ్లు పడతా ఉంటే ఒక్కరన్నా బిందె పెట్టలేదే!" అనిరి. అది పట్టి యుంచిన వాననీరే యని చెప్పగా, "అట్లయితే తెలివైనోళ్లే" అని మెచ్చుకొనిరి.

మరునాడు మెర్లయను దర్శనమైనది. తల సింహము, ఒడలు చేప. 1972 నుండి నోట నీరు చిమ్ముచు నిలిచియున్నది. "నరసింహస్వామికీ మత్స్యావతారానికీ వియ్యం కుదిరినట్టుందమ్మా" అని అత్త చేయెత్తి మ్రొక్కిరి. ప్రక్కనున్న యాత్రికులు కూడ ఏమనుకొనిరో, చేతులు జోడించిరి!

అసలు చిక్కు రైలులో వచ్చినది. 1987లో మొదలైన ఆ నగరపు రైళ్లలో తినుట, త్రాగుట నిషిద్ధము. మన పనస వంటి ముండ్ల దురియను పండు, దాని వాసన కారణమున, రైలు ఎక్కనే రాదు. అత్త నీళ్లసీసా మూత తీయబోగా మాలో చిన్నది ఆపి, "అత్తా, మంచినీళ్లు తాగినా 500 డాలర్ల దాకా జరిమానా అంట!" అనెను. "ఆ డబ్బుతో మన వీధికి ఎన్ని ట్యాంకర్లు వచ్చునో!" అని అత్త దిగువరకు లెక్క వేయుచునే యుండిరి.

సెరంగూను వీధిలో 1855 నాటి శ్రీనివాస పెరుమాళ్లను సేవించి, మన చెన్నకేశవుని తలచుకొని, సాయంకాలమునకు మెరీనా ఆనకట్టకు పోతిమి. ఇది 350 మీటర్ల కట్ట. 2008లో దీనిని తెరచి, ఉప్పునీటిని వెలుపల నిలిపి, నగరపు వాననీటిని లోపల పట్టి, మంచినీటి జలాశయము చేసికొనిరి. కట్టడము మీది పచ్చికలో పిల్లలు గాలిపటము లెగురవేయుచుండిరి.

వారికి వానలకేమి కొదువ యందురా? ఏటికి సుమారు 2,400 మిల్లీమీటర్లు కురియును. మనకందు మూడవ వంతు దక్కుటయు కష్టమే. అయినను 1963లో వానలు వెనుకబడగా ఆ యూరివారు నెలల తరబడి వంతులవారీగా నీరు పట్టుకొనిరి. కురిసిన నీరు నిలుపుకొను చోటు చాలకపోవుటయే వారి కొరత. అటుపిమ్మట జలాశయములు పెంచిరి. 2003 నుండి వాడిన నీటిని సైతము శుద్ధిచేసి తిరిగి వాడుచున్నారు. ఈ మాట విని అత్త ముక్కు మూసికొని, క్షణమాగి, "గంగలో కలిసేవి మాత్రం ఏం నీళ్లులే" అనిరి.

నీరు నిలుపు విద్య మనకు క్రొత్త కాదు. రెండు కొండల నడుమ గుండ్లకమ్మకు కట్ట వేసిన కంభము చెరువు విజయనగరపు కాలము నాటిది. అది వరదరాజమ్మ యను రాణి కట్టించినదని మనవారు చెప్పుకొందురు. ఒక స్త్రీ పేర ఇంత చెరువు గల సీమలో, వేసవి వచ్చినచో ఆడుబిడ్డ పుస్తకము విడిచి బిందె పట్టి ట్యాంకరుకై నిలుచుట తగునా? 1996లో వెలిగొండ పథకమునకు శంకుస్థాపన జరిగినది; దాని సొరంగములు 2024లో జాతికి అంకితమైనవి. అంతకాలము కనిపెట్టుకొని యుండిన తల్లులలో ఎందరో అవ్వలైరి.

కావున సోదరీమణులారా, మేడ మీది వానను వీధి కాలువ పాలు చేయక ఇంకుడుగుంతకు మరలింపుడు. గ్రామసభకు మగవారిని మాత్రమే పంపక మీరును పోయి, చెరువు పూడిక యెప్పుడు తీయుదురని, కుళాయి నీరు ఎన్నినాళ్లకొకసారి వచ్చునని అడుగుడు. నీళ్లు మోయువారే అడిగిన ప్రశ్నను త్రోసివేయుట కష్టము. సింగపురము నుండి మేము తెచ్చిన అత్తరుసీసాలు నెలలో అయిపోవును. ఈ యొక్క సంగతియైనను మీ ఇండ్ల నిలిచినచో మా ప్రయాణపు ఖర్చు దండుగ కాదు.