జుట్టు రాలుతోందని బెంగా?

దువ్వెనలో నాలుగు వెంట్రుకలు కనబడగానే దిగులు పడకండమ్మా! రోజుకి 50 నుంచి 100 దాకా రాలడం మామూలే.

తడి జుట్టు దువ్వకండి, సాగి తెగిపోతుంది. తువ్వాలుతో అద్ది, ఆరాక పెద్దపళ్ళ దువ్వెనతో కొసల నుంచి చిక్కు తీసుకోండి. బడికెళ్ళే ఆడపిల్లలకి జడలు మరీ బిగించి వెయ్యకండి. ఏళ్ళ తరబడి లాగి కడితే నుదుటి దగ్గర కుదుళ్ళు పాడై, అక్కడ జుట్టు ఇక మొలవకపోవచ్చు.

అందరికీ వడ్డించి, చివర్లో చారన్నంతో సరిపెట్టుకునే ఇల్లాలికి ఏ నూనె రాసినా ఏం లాభం చెప్పండి? పప్పు, తోటకూర మీరూ కడుపునిండా తినండి. పైన నిమ్మకాయ పిండుకుంటే అందులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. గుప్పెళ్ళతో రాలుతూ, నీరసం, ఆయాసం కూడా ఉంటే నూనెలు మార్చడం మాని రక్తపరీక్ష చేయించుకోండి.