గండి పడితే కాలువను పారేస్తామా?

డెల్టాలో పుట్టినవాడెవడూ గండి పడిందని కాలువను వదులుకోడు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన నాటి నుంచీ మన వ్యవసాయం కాలువల మరమ్మతు మీదే ఆధారపడి ఉంది. వేసవిలో కాలువలు కట్టేసి, పూడిక తీసి, గట్లు సరిచేసుకుంటాం. మరి అరచేతంత సర్క్యూట్ బోర్డులో వెంట్రుకంత రాగి గీత తెగితే మొత్తం బోర్డునే పారేస్తున్నామే, ఇదెక్కడి న్యాయం?

నా సంగతే చెబుతాను. 2022 జూలై వరదల్లో లంకలోని మా ఇంట్లోకి నీళ్లొచ్చాయి. ఇన్వర్టరు మునిగింది. తరువాత విప్పి చూస్తే బోర్డు మీద ఒకచోట ఆకుపచ్చని చిలుము. "లాభం లేదు నాన్నగారూ, కొత్తది కొనాల్సిందే" అని తేల్చేశాను. అప్పటికి నేను ఇ.సి.ఇ. మూడో సంవత్సరం.

నాన్నగారు వినలేదు. రావులపాలెంలో ఒక రిపేరు షాపుకు తీసుకెళ్లారు. అక్కడి పెద్దాయన బోర్డును శుభ్రంగా కడిగి, ఆరబెట్టి, మీటరు పెట్టి ట్రాక్ తెగిన చోటు పట్టుకున్నాడు. దానికి అటూ ఇటూ పచ్చ పూతను బ్లేడుతో గీకాడు. రాగి మెరిసేదాకా తుడిచి, ఫ్లక్స్ రాసి, పల్చగా లెడ్ పట్టించాడు. వైరులోంచి ఒక్క పోగు తీసి, గండి మీద జంపరు వేశాడు. కరెంటు పారుతోందా, పక్క ట్రాక్‌కు తగులుతోందా అని రెండూ మీటరుతో చూసుకుని, పైన వార్నిష్ పూశాడు.

"ఏం చదువుతున్నావు బాబూ?" అన్నాడు.

"ఇంజనీరింగండీ మావాడు" అన్నారు నాన్నగారు గర్వంగా. నేను తల దించుకున్నాను.

నాకు ఓమ్ సూత్రం వచ్చు. బోర్డు మీద రాగి రేకు మందం సాధారణంగా 35 మైక్రాన్లేనని పరీక్షలో రాశాను కూడా. కాని లాబులో సోల్డరింగ్ ఐరన్ ఎక్కువసేపు ఆనించి ట్రాక్‌ను పైకి లేపేసిన రోజున, ఆ బోర్డును గుట్టుగా చెత్తబుట్టలో వేసి ఇంకొకటి అడిగి తెచ్చుకున్నాను. ఎందుకు లేచిందని నన్నెవరూ అడగలేదు. నేనూ అడుక్కోలేదు.

అన్ని బోర్డులూ బాగుపడతాయని నేననను. పొరలు పొరలుగా ఉండే బోర్డులో లోపలి ట్రాక్ తెగితే కష్టం. కాలి బొగ్గయిన చోటు కరెంటును తప్పుదారి పట్టిస్తుంది. దాన్ని గీకి తీసేయకుండా జంపరు వేస్తే ప్రమాదం. ఎక్కువ కరెంటు పారే చోట ఒక్క పోగు చాలదు. కాని ఏది బాగుపడుతుందో, ఏది పడదో చెప్పడానికైనా చేతికి పని తెలియాలి కదా!

ఎలక్ట్రానిక్ వ్యర్థాలపై 2022లో కేంద్రం చేసిన నిబంధనలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చాయి. మంచిదే. అయితే చెత్తను ఎక్కడ వేయాలో నేర్చుకునే ముందు, ఏది చెత్త కాదో నేర్చుకోవద్దూ?

అందుకే గురువర్యులకు నా మనవి. ఏడాదికి ఒక్క ప్రాక్టికల్ దీనికి కేటాయించండి. కావాలని ట్రాక్ తెంపిన బోర్డులివ్వండి. లోపం కనిపెట్టినందుకు సగం మార్కులు, బాగుచేసినందుకు సగం. పాత బోర్డులకు మన స్టోర్‌రూములో కరువు లేదు.

ఆ ఇన్వర్టరు నేటికీ మా ఇంట్లో పనిచేస్తోంది. దాన్ని పారేయమన్నవాడికి డిగ్రీ ఇచ్చి పంపారు. నా తరువాతి వాళ్లనైనా పని నేర్పి పంపండి.