పగారా, ఇనామా?

జూలై మాసం వచ్చిందంటే మా శ్రీరాంపూర్ కాలనీలో ఏ ఇంట చూసినా ఫారం 16 కాగితాలే. సింగరేణి కార్మికులకు రిటర్నులు నింపడంలో నాకు చేతనైన సాయం చేస్తుంటాను. ఆ పని మీదే మొన్న ఒక పాత బాయి కార్మికుని ఇంటికి వెళ్ళాను. పక్షవాతం వచ్చి మూడేళ్ళుగా ఆయన మంచం మీదే ఉన్నారు. కొడుకు గనిలో ఉద్యోగి. కోడలు ప్రైవేటు బడిలో చేస్తున్న కొలువు మానుకొని మామగారిని చూసుకొంటున్నది. ఆయన తన పింఛనులోంచి నెలకు మూడు వేలు ఆమె చేతిలో పెడతారు.

నన్ను చూసి, "లెక్కలు తెలిసినోనివి గదా, చెప్పు. నా కోడలికి నేనిచ్చేది పగారా, ఇనామా?" అన్నారు.

ఆయన వేళాకోళానికే అడిగి ఉండవచ్చు. నాకు మాత్రం ఆ ప్రశ్న ముల్లులా గుచ్చుకొంది.

పగారమనుకొంటే అది ఆమె ఆదాయం, లెక్కలో చూపవలసిందే. ఇనామనుకొంటే పన్ను లేదు. ఎందుకంటే పన్ను చట్టం దృష్టిలో మామ కోడలికి బంధువు; బంధువు ఇచ్చిన కానుక ఎంతైనా ఆదాయం కాదు. అయితే ఆ సొమ్మును ఆమె బ్యాంకులో వేసుకొంటే వచ్చే వడ్డీ ఎవరిది? 1961 చట్టంలోని 64వ సెక్షను ప్రకారం, తగిన ప్రతిఫలం లేకుండా కోడలికి ఇచ్చిన ఆస్తి మీద వచ్చే ఆదాయం ఇచ్చినవారి ఖాతాలోనే కలుస్తుంది. అంటే వడ్డీ మామది! రాత్రింబవళ్ళు చేసిన సేవ "తగిన ప్రతిఫలం" కాదన్నమాట.

ఇప్పుడు రెండో వైపు చూడండి. సంపాదించే కోడలొకామె, ఆదాయం లేని, వైకల్యం గల అత్తను పోషిస్తున్నదనుకొందాం. అదే చట్టంలోని 80డిడి కింద వైకల్యం గల ఆశ్రితుల పోషణకు రూ. 75,000, తీవ్ర వైకల్యమైతే రూ. 1,25,000 మినహాయింపు ఉంది. కాని ఆశ్రితులంటే జీవిత భాగస్వామి, పిల్లలు, తల్లిదండ్రులు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు మాత్రమే. అత్తమామలు ఆ జాబితాలో లేరు. ఆరోగ్య బీమా ప్రీమియం విషయంలోనూ అంతే. పైగా ఈ మినహాయింపులు పాత పద్ధతి ఎంచుకొన్నవారికే. 2023-24 నుండి కొత్త పద్ధతే మామూలు పద్ధతి అయింది.

మామ ఇస్తే ఆమె కోడలు. ఆమె పెడితే వాళ్ళు ఎవరో! 2025లో చేసిన కొత్త చట్టంలో భాష సరళమైంది గాని, ఈ సారం మారలేదు.

నెలకు మూడు వేల మీద పన్నేమిటి, ఈ గొడవంతా ఎందుకని మీరనవచ్చు. నిజమే, ఆ ఇంట ఒక్క రూపాయి పన్ను కూడా పడదు. నా బాధ రూపాయి గురించి కాదు. 2024 కాల వినియోగ సర్వేలో 15-59 ఏళ్ళ మధ్య వయసుండి ఆ పని చేసేవారిలో స్త్రీలు ఇంట్లోవారి సంరక్షణకు రోజుకు 140 నిమిషాలు, పురుషులు 74 నిమిషాలు వెచ్చిస్తున్నట్లు తేలింది. ఇంత శ్రమకు చట్టంలో పేరే లేకపోవడం నా బాధ.

అమెరికాలో ఉన్న మిత్రులకు తెలిసే ఉంటుంది: మెడికెయిడ్ ప్రత్యేక పథకాల కింద, తనతో ఒకే ఇంట ఉండే రోగిని చూసుకొనేవారికి ప్రభుత్వమిచ్చే సొమ్ము ఆదాయంలోకి రాదని అక్కడి పన్నుల శాఖ 2014లో ప్రకటించింది, ఆ రోగి బంధువైనా సరే. మన 2016 వికలాంగుల హక్కుల చట్టం కూడా ఎక్కువ ఆసరా అవసరమైనవారికి సంరక్షకుల భత్యం గురించి మాట్లాడుతుంది. కేరళలో 'ఆశ్వాసకిరణం' పథకం సంరక్షకులకు నెలకు రూ. 600 అని పెట్టింది. చిన్న మొత్తమే, కాని అది చేసే మనిషికి ఇచ్చేది.

నా మట్టుకు రెండే కోరికలు. ఆశ్రితుల జాబితాలో అత్తమామలను చేర్చాలి. చూసుకొనే మనిషికి ఇంటివారిచ్చే సొమ్మును, దాని వడ్డీతో సహా, పన్ను లేకుండా ఆమె సొంతంగా గుర్తించాలి.

"చట్టం ఇనామనే అంటది పెద్దాయనా" అని చెప్పాను. ఆయన కొంతసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఇనామైతే నా ఇష్టం, ఎప్పుడన్న బంద్ జేయొచ్చు. అది దానికి హక్కు గదనయ్యా" అన్నారు.

లోపల కోడలు ఆయన పక్కబట్టలు ఉతుకుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది.