తాయెత్తు తీసేశాక ఏం చేయాలి?

బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలకు వంట నేర్పాలి అంటే చాలామంది నవ్వుతారు. "వాడికి అ ఆలే రాలేదు, వంటేం వస్తుందండీ?" అంటారు. అ ఆలు రాని పిల్లవాడికే వంటింట్లో చదువు చెప్పాలని నేనంటాను.

సూరత్‌లో నేనుండే వరాఛా వజ్రాలు సానబట్టే పేట. ఇక్కడ సౌరాష్ట్ర నుంచి వచ్చినవారెక్కువ. మగ్గాల పని కోసం తెలంగాణ నుంచి వచ్చిన మనవాళ్ళు లింబాయత్, ఉధ్నా వైపు ఎక్కువ. ఎవరింట్లోనైనా ఇలాంటి బిడ్డ పుడితే నడిచే దారి మాత్రం ఒకటే. ముందు తాయెత్తు, తర్వాత మొక్కు, తర్వాత జ్ఞాపకశక్తి పెంచుతుందనే లేహ్యం. డబ్బున్నవారికి మూలకణాల చికిత్స అమ్మేవాళ్ళు దొరుకుతారు. రుజువు కాని జబ్బులకు మూలకణాలను అనుమతి పొందిన పరిశోధనలో తప్ప వాడకూడదని భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల్లోనే చెప్పింది. అయినా అప్పుచేసి మరీ వెళ్ళేవాళ్ళున్నారు.

తాయెత్తు వల్ల ఏమీ కాదని ఆ తల్లికి చెప్పడం తేలికే. "సరే, తీసేస్తాను. మరి ఏం చేయమంటారు?" అని ఆమె అడిగితే చెప్పడానికి హేతువాది దగ్గర ఏదో ఒకటి ఉండాలి కదా!

కుక్కర్ సంగతి చూడండి. ఒకటి నుంచి వంద దాకా గడగడా అప్పజెప్పే పిల్లవాడు మూడు విజిళ్ళకు స్టవ్ ఆపలేకపోవచ్చు. వాడికి వచ్చింది అంకెల పాట, లెక్క కాదు. మూడు దగ్గర ఆగడమే లెక్క. ఒక గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్ళు, చుట్టాలొస్తే రెండింటికి నాలుగు. ఎక్కం బట్టీపట్టినవాడికి ఇది తట్టకపోవచ్చు, నీళ్ళు పోసినవాడికి తడుతుంది. పసుపు డబ్బా మీద పేరు చదవడం, కొత్తిమీరకు పది రూపాయలిచ్చి చిల్లర తీసుకోవడం, పాలు పొంగేదాకా కళ్ళు తిప్పకుండా నిలబడటం, ఇవన్నీ చదువే. తప్పు చేస్తే టీచరు తిట్టనక్కర్లేదు, మాడిన వాసనే చెబుతుంది.

ఇది నా సొంత ఊహేం కాదు. అమెరికాలో లూ బ్రౌన్, ఆయన సహచరులు 1976 నుంచీ వాదించింది ఇదే. తీవ్ర వైకల్యం ఉన్న పిల్లలకు ఏం నేర్పాలో తేల్చడానికి ఆయన వేసే ప్రశ్న ఒకటుంది. ఈ పని పిల్లవాడు చేయకపోతే వాడి బదులు ఇంకొకరు చేయాల్సి వస్తుందా? పూసలు గుచ్చడం ఎవరూ చేయకపోయినా ఇల్లు నడుస్తుంది, అన్నం వండకపోతే నడవదు. మన సికింద్రాబాదులో 1984లో పెట్టిన జాతీయ మానసిక వికలాంగుల సంస్థ (పేరు ఇప్పుడు మారింది) తయారుచేసిన పరీక్షా పట్టికల్లోనూ చదువూ లెక్కలతో పాటు సొంత పనులకూ, ఇతరులతో మెలగడానికీ, వృత్తికీ వేరువేరు భాగాలున్నాయి.

ఎలా నేర్పాలో చెప్పడానికి వరాఛా కార్ఖానాలే చాలు. అక్కడ కొత్త కుర్రాడి చేతికి వజ్రం ఇచ్చి మొత్తం చెయ్యమనరు. పని ముక్కలుగా ఉంటుంది, ఒక్కో ముక్కకు ఒక్కో చెయ్యి. మజ్జిగనూ అలాగే విడగొట్టండి. పెరుగు తీయడం, గిన్నెలో వేయడం, నీళ్ళు పోయడం, చిలకడం, ఉప్పు వేయడం, కలిపి గ్లాసులో పోయడం. చివరి నుంచి మొదలుపెట్టండి. అన్నీ మీరే చేసి గ్లాసులో పోయడం ఒక్కటే వాడికి వదలండి. పోశాడు, తాగాడు. బహుమతి విడిగా ఇవ్వనక్కర్లేదు. అది వచ్చాక చివరి రెండూ, తర్వాత మూడూ వదలాలి.

ఇక్కడే మనం కాస్త అనుమానంగా చూడాలి. మాట్లాడలేని పిల్లల చెయ్యి పట్టుకుని టైపు చేయించే పద్ధతి ఒకటి 1990ల్లో అమెరికాలో ఊపేసింది. పిల్లలు కవితలు రాస్తున్నారన్నారు. పిల్లవాడికి ఒక బొమ్మ, సహాయకుడికి వేరే బొమ్మ చూపించి పరీక్షిస్తే సహాయకుడు చూసిందే టైపయింది. 1994లో అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ ఆ పద్ధతికి శాస్త్రీయ ఆధారం లేదని తీర్మానించింది. వాళ్ళంతా మోసగాళ్ళు కాదు, తమ చెయ్యే కదులుతోందని వాళ్ళకే తెలియలేదు. వంటింట్లోనూ ఆ ప్రమాదం ఉంది. అమ్మ చెయ్యి పట్టుకుని తిప్పిన గరిటెను "మావాడే చేశాడు" అనుకోవడం సహజం. అందుకే నోటుబుక్కులో మెట్లన్నీ రాసి, సాయం లేకుండా చేసిన మెట్టుకే టిక్కు పెట్టాలి. మూడు వారాలకూ టిక్కులు పెరగకపోతే తప్పు పద్ధతిది, ఆ మెట్టును ఇంకా చిన్నది చేయాలి. తాయెత్తు ఎప్పుడు ఓడిపోయిందో చెప్పే నోటుబుక్కు ఏ బాబా దగ్గరా ఉండదు.

వంటతో మెదడు బాగవుతుందని ఎవరైనా అంటే నమ్మకండి. వైకల్యం పోదు, ఇంకొకరి మీద ఆధారపడటం కొంత తగ్గుతుంది, అంతే.

మనవాళ్ళకు ఇక్కడ ఇంకో చిక్కుంది. గుజరాతీలో ఉప్పును మీఠుం అంటారు, తీపిగా ఉన్నదాన్నీ మీఠుం అనే అంటారు. బళ్ళో టీచరు "మీఠుం వెయ్యి" అంటే ఉప్పు, ఇంట్లో అమ్మ "ఉప్పు వెయ్యి" అంటే అదే ఉప్పు అని మామూలు పిల్లలు రెండ్రోజుల్లో పట్టేస్తారు. ఈ పిల్లలకు అదో కొండ. ఒకచోట నేర్చింది ఇంకోచోట వాడలేకపోవడం వీళ్ళలో ఉన్న అసలు ఇబ్బంది. బళ్ళో ఇండక్షన్ మీద నేర్చుకున్నవాడు ఇంట్లో గ్యాస్ ముందు కొత్తవాడే. కాబట్టి బడి ఎంత మంచిదైనా, సొంత వంటింట్లో, సొంత గిన్నెలతో, అమ్మ మాటల్లో మళ్ళీ నేర్పాల్సిందే.

కానీ ఆ వంటింటి తలుపే మూసుకుని ఉంటుంది. మగపిల్లాడైతే "వీడికి వంటెందుకు?" ఆడపిల్లయితే మడి, మైల, నెలకోసారి దూరం. శుభ్రత సరిగా తెలియదు కాబట్టి దేవుడి ప్రసాదం వండే చోటికి అసలే రానివ్వరు. శుభ్రత నేర్పేది అక్కడేనని ఎవరికీ తోచదు. చేతులు కడుక్కోవడం వంటలో మొదటి మెట్టు కాదూ?

నిప్పు భయం మాత్రం మూఢనమ్మకం కాదు. మూర్ఛలొచ్చే పిల్లలను మంట దగ్గర ఒంటరిగా వదలకూడదు. అలాంటివారికి మజ్జిగ, నిమ్మరసం, అటుకులు, పెరుగన్నం కలపడం ఉన్నాయి. స్టవ్ లేకుండా ఏడాదికి సరిపడా పాఠాలున్నాయి.

2016 వికలాంగుల హక్కుల చట్టం నలభై శాతం లేదా అంతకు మించి వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ళ దాకా ఉచిత విద్య హక్కుగా ఇచ్చింది. పంతొమ్మిదో ఏట ఆ పిల్లవాడు ఇంట్లోనే ఉంటాడు. నలభై ఏళ్ళకూ ఉంటాడు, అప్పటికి అమ్మకు డెబ్బై దాటి ఉంటుంది. ఆమెకు జ్వరమొచ్చిన రోజు ఆ ఇంట్లో అన్నం ఎవరు వండుతారు?