పిల్ల కంచం కాదు, ఇంటి అలవాటు మారాలి

దిండు గలీబు ఉతకడానికి తీస్తుంటే అందులోంచి సగం ఖాళీ అయిన బిస్కెట్ ప్యాకెట్ కింద పడింది. పదేళ్ల మా అమ్మాయిని పిలిచి "ఏమిటే ఇది?" అని గద్దించాను. అది ఏడవలేదు, బుకాయించనూ లేదు. "నాన్న రోజూ మిర్చి బజ్జీలు తెచ్చుకుంటారు. తమ్ముడికి నువ్వే చిప్స్ కొనిపెడతావు. నేను తింటేనే తప్పా అమ్మా?" అంది. నా దగ్గర జవాబు లేదు.

అంతకు రెండు నెలల ముందు, అమ్మాయి వయసుకీ ఎత్తుకీ ఉండాల్సినదానికంటే బరువు ఎక్కువగా ఉందని డాక్టరుగారు చెప్పారు. ఇంటికి రాగానే దాని కంచంలో అన్నం తగ్గించేశాను. మారు అడిగితే కళ్లెర్రజేశాను. చుట్టాల ముందు "మా పిల్ల డైటింగులో ఉంది" అని నవ్వాను కూడా. అందరం కలిసి తినే చోట దాన్ని ఒక్కదాన్నే వేరు చేశాను. అందుకే అది దాచుకుని తినడం నేర్చుకుంది.

మన ఇళ్లలో ఇదో విచిత్రం. ఏడాది పిల్ల బుగ్గలు చూసి "బొద్దుగా ఉంది, దిష్టి తగులుతుంది" అని మురిసిపోతాం. అదే పిల్లకి పదేళ్లు వచ్చేసరికి "బొండాం" అని పేరు పెడతాం. పేరు పెట్టిన వాళ్లే మార్కులు బాగా వచ్చాయంటే ఐస్‌క్రీం కొనిపెడతారు, ఏడిస్తే చాక్లెట్ చేతిలో పెడతారు. కడుపు నిండిందని పిల్ల చెప్పినా "కంచంలో వదిలితే కళ్లు పోతాయి" అని ఆఖరి ముద్ద కుక్కుతాం. తినడం నేర్పిందీ మనమే, తింటున్నావని తిట్టేదీ మనమే!

ఇది డబ్బున్నవాళ్ల బాధ, మనకెందుకు అనుకోవడానికి లేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో అయిదేళ్లలోపు పిల్లల్లో అధిక బరువున్నవాళ్లు 2015-16లో 2.1 శాతం. 2019-21 నాటికి 3.4 శాతమయ్యారు. అదే సర్వేలో తగినంత బరువు లేని పిల్లలు నూటికి 32 మంది ఉన్నారు. అందుకని ఈ అంకె చిన్నదిగా కనిపిస్తుంది కానీ, పెరుగుతున్న మాట నిజం. చిన్నప్పటి అధిక బరువు పెద్దయ్యాక షుగరుకీ, బీపీకీ దారి తీయొచ్చు.

బిస్కెట్ల సంగతి చెబితే డాక్టరుగారు నాకే క్లాసు తీసుకున్నారు. "ఎదిగే పిల్లల కడుపు మాడ్చకూడదమ్మా. చాలామంది పిల్లలకు బరువు తగ్గించనక్కర్లేదు. ఇంకా పెరగకుండా చూసుకుంటే చాలు, ఎత్తు పెరిగేకొద్దీ సరిపోతుంది. మార్చాల్సింది మీ ఇంటిని" అన్నారు.

సరే, ఇంటి నుంచే మొదలుపెట్టాం. మొదట ఫ్రిజ్‌లో కూల్‌డ్రింకు సీసా పోయింది. ఒక్క 250 మిల్లీలీటర్ల కోలాలో దాదాపు 26 గ్రాముల పంచదార ఉంటుంది. అంటే ఆరు చెంచాలు! పైనుంచి వేసుకునే పంచదార పెద్దవాళ్లకే రోజంతా కలిపి 25 గ్రాములలోపు ఉంటే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. ఇక పసివాళ్ల సంగతి ఏమనాలి? ఇప్పుడు మా ఇంట్లో దాహమేస్తే మంచినీళ్లు, ఎండాకాలమైతే మజ్జిగ. సాయంత్రం చిప్స్ బదులు ఉడికించిన సెనగలో, జామకాయో. రాత్రి భోజనం దగ్గర టీవీ, ఫోను రెండూ బంద్. కూర ఎక్కువ, అన్నం తక్కువ అనే వరస అందరి కంచాల్లోకీ వచ్చింది. పకోడీలు మానెయ్యలేదు. ఆదివారం వేడివేడిగా వేసుకుని అందరం కూర్చుని తింటాం. దాచుకు తినాల్సిన అవసరం ఎవరికీ లేదు.

ఆటల దగ్గరే అసలు తగువు వచ్చింది. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు కనీసం గంట సేపు ఒళ్లు అలిసే ఆట ఉండాలంటారు. మా అబ్బాయికి సైకిలుంది, వీధుంది. అమ్మాయి బయటికెళ్తే మాత్రం "ఆడపిల్లకి రోడ్డు మీద ఆటలేమిటి" అని మా అత్తగారే లోపలికి పిలిచేవారు. ఒళ్లు కదలనివ్వకుండా లావయ్యావని సాధించడం ఏం న్యాయం? ఆ మాటే నెమ్మదిగా అడిగాను. నాలుగు రోజులు మాట్లాడలేదు. ఇప్పుడు ఆవిడే వీధి అరుగు మీద కూర్చుని మనవరాలి స్కిప్పింగు లెక్కపెడుతున్నారు!

ఇంకొక్క మాట. పిల్ల లావైతే "నువ్వేం పెడుతున్నావు?" అని అందరూ అమ్మనే నిలదీస్తారు. బజ్జీల పొట్లం తెచ్చే నాన్నని, చాటుగా మిఠాయి పెట్టే నాన్నమ్మని ఎవరూ అడగరు. వంటగది బాధ్యత నాది కావచ్చు, అలవాటు మాత్రం ఇంటిల్లిపాదిదీ. మావారు మొదట్లో "నా బజ్జీల మీద పడ్డావేమిటి" అని విసుక్కున్నారు. కూతురి ప్రశ్న ఉన్నదున్నట్టు చెప్పాను. మర్నాటి నుంచి ఉత్త చేతులతోనే వస్తున్నారు. పిల్లలిద్దర్నీ తీసుకుని కూరల బజారుకి నడిచి వెళ్తున్నారు.

ఎనిమిది నెలలైంది. అమ్మాయి బరువు అక్కడే నిలిచింది, ఎత్తు మాత్రం పెరిగింది. దాని ముందు బరువు ఊసు ఎత్తడం మానేశాం. అన్నిటికన్నా నాకు తృప్తినిచ్చేది వేరే ఉంది. గలీబులు ఉతికేటప్పుడు ఇప్పుడేమీ జారిపడటం లేదు. ఆకలేస్తే వచ్చి "అమ్మా, ఏమైనా పెట్టు" అని నోరు తెరిచి అడుగుతోంది.

మీ ఇంట్లోనూ పిల్లల బరువు గురించి బెంగ మొదలైతే వాళ్ల కంచంలోంచి ముద్ద తీసే ముందు ఒక్కసారి అందరి కంచాలూ చూడండి. నాలాగా రెండు నెలలు ఆలస్యం చేయకండి.