సున్నం కొట్టి దాచొద్దు, గోడ చేత సాక్ష్యం చెప్పిద్దాం

ఉగాది దగ్గరపడింది. పల్లెల్లో సున్నం నానబెడుతున్నారు. పెచ్చులు ఊడిన చోట పిడికెడు సిమెంటు మెత్తి, పైన తెల్లగా పూసేస్తే పండక్కి ఇల్లు ఇల్లులా కనపడుతుందని మనందరి ఆశ. మేం ఒక్క మాట చెప్పదలిచాం. ఈసారి కుంచె ఎత్తే ముందు ఆ గోడని తట్టి చూడండి. ఆ సున్నం కింద మన ప్రాణమ్మీదికి వచ్చేది ఉంది. మనకి రావలసిన లెక్క కూడా ఉంది.

బాపట్ల, ప్రకాశం, నెల్లూరు వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు, తుఫాన్లు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. ముసురు ఆగితే వాన పోయిందనుకుంటాం. పోలేదు. శ్లాబులో దిగిన నీళ్లు శ్లాబులోనే ఉన్నాయి. పునాది తాగిన నీళ్లు గోడ వెంట పైకి పాకుతున్నాయి. ఆ తడికి లోపలి ఇనప చువ్వ తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి రెండింతలకు పైగా చోటు అడుగుతుంది. చోటు లేక కాంక్రీటుని పగలగొట్టుకుని బయటికొస్తుంది. మనం చూసే పెచ్చు అదే. మంచంలో పడుకున్న పిల్లాడి మీద పడేదీ అదే.

"వాళ్లకి ఇల్లు కట్టిచ్చినా ఉంచుకోవడం రాదండీ." ఈ మాట ఆఫీసుల్లో వింటున్నాం, ఊళ్లో అరుగుల మీదా వింటున్నాం. అయ్యా, మేమూ కొన్ని ప్రశ్నలు అడుగుతాం. ఊరి మెరకంతా ఎవరిది? పల్లె పల్లంలో ఎందుకుంది? ఊరి మురుగు కాలువ తిన్నగా వచ్చి మా పల్లె మొదట్లోనే ఎందుకు ఆగింది? చెరువు వెనకా, కాలువ పోరంబోకులోనూ పట్టాలిచ్చి, మెరక తోలించకుండానే ఇళ్లకి ముగ్గు పోయించింది ఎవరు? సిమెంటు రోడ్డు మీద సిమెంటు రోడ్డు వేసి మా గడప కంటే ఎత్తు చేసింది ఎవరు? రోడ్డు మీద పడ్డ వాన మా ఇంట్లోకి రాక ఎక్కడికి పోతుంది?

శ్లాబు సంగతీ అంతే. చువ్వ కింద కనీసం 20 మిల్లీమీటర్ల కాంక్రీటు ఉండాలని, సముద్రం దగ్గరైతే ఇంకా ఎక్కువ ఉండాలని, పోసిన కాంక్రీటుని కనీసం 7 రోజులు ఆరనివ్వకూడదని కాంక్రీటు పనికి మన దేశం పెట్టుకున్న ప్రమాణం ఐఎస్ 456 చెబుతోంది. మా కాలనీల్లో ఈ కొలత ఎవరు పెట్టి చూశారు? ఫొటో తీశారు, బిల్లు పాసయింది, పని అయిపోయింది. మనలోంచి పైకొచ్చిన చిన్న కాంట్రాక్టర్లలోనూ ఇలా చేసినవాళ్లున్నారు. మనవాడని దాన్ని దాచాల్సిన పని లేదు.

ఇక నష్టపరిహారం. తుఫాను వెళ్లిన కొద్ది రోజుల్లోనే పేర్లు రాసుకుపోతారు. 2022లో కేంద్రం ఖరారు చేసిన 2022-26 విపత్తు సాయం లెక్క చూడండి. మైదాన ప్రాంతంలో పూర్తిగా గానీ తీవ్రంగా గానీ దెబ్బతిన్న పక్కా ఇంటికి 1,20,000 రూపాయలు. కొంతమేర దెబ్బతింటే 6,500. అదీ కనీసం 15 శాతం దెబ్బతింటేనే. కూలిన గోడ కంటికి కనపడుతుంది. లోపల కుళ్లుతున్న శ్లాబు ఆ నాలుగు రోజుల్లో ఎవరికి కనపడుతుంది? అది మాఘం, ఫాల్గుణంలో ఎండ తగిలాక బయటపడుతుంది. అప్పటికి లిస్టు మూసేసి ఉంటారు. మనమే ఈ లెక్క రాయకపోతే ఇంకెవరూ రాయరు.

ఎలా చూడాలి?

ఊరి మేడలకి కాంక్రీటు తట్టలు మోసిన చేతులు మనవి. ఈ పని మనకి కొత్త కాదు. కర్రతో శ్లాబు అడుగున తట్టండి. గట్టిగా పలికితే సరే. డొల్లగా పలికితే లోపల విడిపోయినట్టే. చువ్వ వెంబడి వరసగా పగులు, గోధుమరంగు చార ఉంటే తుప్పు. గోడ అడుగున మూరెడు మేర తెల్ల ఉప్పు పొడి తేలితే పునాది చెమ్మ. బీరువా, పెట్టెలు జరిపి వెనక చూడండి, నల్ల బూజు అక్కడే ఉంటుంది. ద్వారబంధం మొదట్లో మేకుతో గుచ్చండి, కొయ్య పుచ్చితే ఇట్టే దిగిపోతుంది. నేల చెమ్మ తేలాలంటే అడుగు చదరం ప్లాస్టిక్ కాగితాన్ని నేలకి నాలుగు పక్కలా అంటించి ఒక రోజు ఉంచండి. దాని అడుగున తడి ఉంటే నీళ్లు భూమిలోంచి వస్తున్నట్టు. చెమ్మ గోడలో స్విచ్చి బోర్డుంటే కరెంటు ఆపించాకే ముట్టుకోండి. ఏ మూల ఎప్పుడు చెమ్మగిలిందో ఆడవాళ్లకి తెలుసు. ముందు వాళ్లనడగండి.

బాగుచేసేదానికీ వరసుంది. ముందు నీళ్ల దారి ఆపాలి. శ్లాబు మీద నీళ్లు నిలవకుండా వాలు, పూడిన గొట్టం, పిట్టగోడ మొదట్లో పగులు సరిచెయ్యాలి. ఇంటి చుట్టూ మట్టిని బయటికి వాలేట్టు సర్దాలి. ఆ తర్వాతే పెచ్చు. డొల్లంతా చెక్కేసి, చువ్వ తుప్పుని తీగ బ్రష్షుతో గీకి, తుప్పు ఆపే మందు పూసి, అప్పుడు చిక్కటి సిమెంటు పెట్టాలి. చువ్వ సన్నబడినా, శ్లాబు కిందికి వంగినా మీరు చెయ్యి పెట్టొద్దు. దాని కింద పడుకోవద్దు. ఇంజనీరు వచ్చి చూడాల్సిందే. ఆ ఖర్చు కూలి డబ్బుల్లోంచి పెట్టుకోవాల్సింది కాదు.

మనం చెయ్యాల్సింది

ఉగాది నుంచి ఏప్రిల్ 14, బాబాసాహెబ్ జయంతి లోపల ప్రతి పల్లెలో ఇంటింటికీ తిరుగుదాం. ఇంటికో కాగితం రాద్దాం: ఏ పథకం ఇల్లు, ఏ ఏడు కట్టింది, ఎక్కడ చెమ్మ, ఎంత పగులు. తేదీతో ఫొటో తీద్దాం. పెచ్చులూడిన ఇల్లు చూపించడం నామోషీ అనుకోవద్దు, సిగ్గుపడాల్సింది కట్టినవాడు. కాగితాలు తహసీల్దారుకీ, హౌసింగ్ ఆఫీసుకీ ఇచ్చి రసీదు తీసుకుందాం. 2005 సమాచార హక్కు చట్టం కింద కాలనీ బిల్లులూ, కొలతల పుస్తకం నకళ్లూ అడుగుదాం. 30 రోజుల్లో జవాబివ్వాలి. దారిద్ర్యరేఖకి దిగువనున్నవాళ్లకి ఫీజు లేదు. 2013లో పోరాడి తెచ్చుకున్న సబ్‌ప్లాన్ చట్టం నిధులు రోడ్డుని ఇంకో జానెడు ఎత్తు చెయ్యడానికి కాదు, మురుగు కాలువకీ, మెరకకీ, మన శ్లాబులకీ పెట్టమందాం.

1927 మార్చి 20న మహద్‌లో బాబాసాహెబ్ చవదార్ చెరువు నీళ్లు తాగి చూపించారు. తాగే నీళ్లు మనల్ని ముట్టనివ్వని వ్యవస్థే, తనకి అక్కర్లేని నీళ్లన్నీ మన గోడల్లోకి తోలింది. ఆ నీళ్లని మనం సున్నంతో కప్పి కాపాడుతున్నాం.

ఇక చాలు. సున్నం తర్వాత కొట్టుకుందాం. ముందు గోడ చేత సాక్ష్యం చెప్పిద్దాం.