మెడమీద కరెంటు పెడితే చేతులు వస్తాయా?

వెన్నుపాము దెబ్బతిన్నవారి ఇంటివాళ్ళు ఈమధ్య ఓ.పి.లో మమ్మల్ని తరచుగా అడుగుతున్న ప్రశ్న ఇది. తాటిచెట్టు మీదనుంచి పడినవారు, బైకు ప్రమాదంలో మెడ విరిగినవారు, వాళ్ళ భార్యలు, తల్లులు అడుగుతున్నారు. "ఆపరేషన్ కూడా అక్కర్లేదట గదండీ, ఎంతవుతుంది?" అంటున్నారు. కొందరు ఉన్న కాస్త పొలం అమ్మడానికి కూడా సిద్ధపడుతున్నారు గనుక, మా అభిప్రాయం ఇక్కడ వ్రాస్తున్నాము.

వార్త అబద్ధం కాదు. అమెరికా, కెనడా, యూరప్‌లలోని 14 కేంద్రాలలో జరిపిన 'అప్-లిఫ్ట్' అనే పరీక్ష ఫలితాలు 2024 మే నెలలో 'నేచర్ మెడిసిన్' పత్రికలో వచ్చాయి. మెడ దగ్గర వెన్నుపాముకు దెబ్బ తగిలి కనీసం ఏడాది దాటిన 60 మంది ఈ పరీక్షను పూర్తి చేశారు. మెడ వెనుక చర్మంమీద జిగురు బిళ్ళలు అంటించి వాటిద్వారా కరెంటు పంపారు. అది కండరాన్ని నేరుగా లాగదు. వెన్నుపాములోకి వెళ్ళే స్పర్శ నరాలను తట్టి, దెబ్బకు దిగువన మందగించిన నరాలను మేల్కొలుపుతుంది. రేడియో వాల్యూమ్ పెంచితే సన్నగా వచ్చే స్టేషను వినిపించినట్టు, మెదడు పంపే బలహీనమైన కబురు చేతికి అందుతుంది. అసలు స్టేషనే లేకపోతే వాల్యూమ్ పెంచి ఏం లాభం? అందుకే దెబ్బకు దిగువన కొంతైనా స్పర్శ గానీ కదలిక గానీ మిగిలినవారినే తీసుకున్నారు.

వారిలో 72 శాతం మందికి చేతుల బలం, చేతులతో చేసుకునే పని రెండూ మెరుగుపడ్డాయి. దెబ్బ తగిలి 34 ఏళ్ళయిన మనిషిలోనూ మార్పు కనిపించింది. పరికరంవల్ల తీవ్రమైన హాని ఎవరికీ కలగలేదు. 2024 డిసెంబరులో అమెరికా ప్రభుత్వ నియంత్రణ సంస్థ దీనికి అనుమతి ఇచ్చింది. ఇది సంతోషించదగిన వార్తే. అయితే పరీక్షించింది చేతులను, నడకను కాదు. ఉత్తుత్తి కరెంటు పెట్టిన మరో గుంపుతో పోల్చి చూడలేదు గనుక, ఆశవల్ల వచ్చిన మెరుగెంతో, కరెంటువల్ల వచ్చిందెంతో పూర్తిగా తేలలేదు.

మాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచింది మరొకటి. అక్కడ మొదటి రెండు నెలలు అందరికీ కరెంటు లేకుండా వ్యాయామ చికిత్సే ఇచ్చారు. తరువాతి రెండు నెలలు వ్యాయామంతోపాటే కరెంటు పెట్టారు. మన ఊళ్ళలో చాలామందికి ఆ మొదటి రెండు నెలలే దొరకడం లేదు. కుట్లు విప్పగానే ఇంటికి వెళతారు. మళ్ళీ మా దగ్గరకు వచ్చేసరికి నడుము క్రింద పుండు, మూత్రంలో చీము, ముడుచుకుపోయిన వేళ్ళు. బిగుసుకుపోయిన వేళ్ళకు ఏ కరెంటు పట్టు తెస్తుంది? 1954లో కారు ప్రమాదంలో నడుము క్రింద చచ్చుబడిన డాక్టర్ మేరీ వర్గీస్‌గారు, వేలూరు సి.ఎం.సి.లో చక్రాల కుర్చీలో కూర్చునే కుష్ఠు రోగుల చేతులకు ఆపరేషన్లు చేశారు. అక్కడ 1966లో మొదలైన పునరావాస కేంద్రం వెనుక ఉన్నది ఆమె పట్టుదలే. పొలం అమ్మేంత డబ్బు ఖర్చుపెట్టగలిగితే, ముందు అటువంటి చోట కొన్ని వారాలు ఉండి రమ్మని మేము చెబుతాము.

ఎవరైనా "ఇది ప్రయోగం, ఇంత కట్టండి" అంటే నమ్మకండి. పరిశోధన ఖర్చు రోగి చేత కట్టించకూడదని భారత వైద్య పరిశోధన మండలి 2017 నాటి మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఎథిక్స్ కమిటీ అనుమతి చూపించమని అడగండి. సంతకం పెట్టేముందు కాగితం తెలుగులో చదివించుకోండి.

నొప్పులకు అమ్మే చిన్న కరెంటు మిషన్లు వేరు, ఇది వేరు. వాటిని కొని మెడమీద సొంతంగా పెట్టుకోవద్దు. స్పర్శ లేని చోట బిళ్ళ అంటిస్తే చర్మం కాలినా తెలియదు. పేస్‌మేకరు ఉన్నవారికి మరీ ప్రమాదం. ఇప్పటికే కొన్నవారు ఆ మిషన్‌ను మా ఫిజియోథెరపీ విభాగానికి తెచ్చి చూపించండి.